ఆకుతోటలో పిల్లలు పెట్టింది

తడికను ఆనుకొని కూర్చున్న మునెమ్మకు ఒళ్లంతా మండిపోతోంది. ఎండకు కాదు. ఎండ ఆమెకు పాతదే, ఈ తడికా పాతదే, కింద ఉన్న రాయీ పాతదే. కాపురానికి వచ్చిన ఏడాది నుంచి మధ్యాహ్నం సద్ది తెచ్చి ఈ రాయి మీద కూర్చోవడం, మొగుడు కాళ్లూ చేతులూ కడుక్కొని బయటికి వచ్చేదాకా కాచుకోవడం, ఆయన తిన్నాక గిన్నెలు సర్దుకొని పోవడం, ఆమెకు తెలిసిన ఆకుతోట ఇంతే. ఎదురుగా రెండు జతలు పడి ఉన్నాయి. మొగుడు ఆదినారాయణ తోలు చెప్పులు, ఆయన అన్న కొడుకు పవన్ తెల్ల బూట్లు. తోటలోకి చెప్పులు పోకూడదు, ఆడది పోకూడదు, కాబట్టి చెప్పులూ మునెమ్మా బయట. మొగవాళ్లిద్దరూ గోతం పట్టుకొని లోపలికి పోయారు, పిల్లిని వెతకడానికి. మొన్న తోటలో పిల్లలు పెట్టింది గదా, దాన్నీ దాని పిల్లలనూ గోతంలో వేసి మూతి కట్టి పెన్న అవతల పారేసి రావడానికి. "సంపుతామా ఏంది చిన్నమ్మా, ఇసకలో ఇడిసిపెట్టి వస్తాం, దాని బతుకు అది బతుకుతాది" అన్నాడు పవన్ బూట్ల తాళ్లు విప్పుకుంటూ. మే నెల ఎండలో, కాలు పెడితే బొబ్బలెక్కే ఇసకలో, కండ్లు తెరవని కూనలు వాటి బతుకు అవి బతుకుతాయట. ఇసకలో కుక్కలు ఎన్ని తిరుగుతాయో వాడికి తెలియదా? తెలుసు. తెలిసే నవ్వుతూ అన్నాడు. ఒక్క మాట అన్నావా మునెమ్మా? అనలేదు. క్యారియరు ఒళ్లోకి తీసుకొని రాయి మీద కూలబడ్డావు.

తడికలో రెండు వేళ్లంత సందు ఉంది. ఆ సందు ఎలుక కొరికింది కాదు, మునెమ్మ వేలితో తాటాకు పీకి పీకి ఇన్నేండ్లుగా పెంచుకున్నది. అందులోంచి చూస్తే కండ్లకు చల్లగా కాసేపు ఏమీ కనపడదు, తరువాత ఒక్కొక్కటే కనపడుతుంది, అవిసె చెట్ల సన్న నీడ, చెట్టు చెట్టుకూ జమ్ముతో కట్టిన తమలపాకు తీగలు, సాళ్ల నడుమ కాలువలో కదలని నీళ్లు. ఆ కాలువ గట్టున, తడికకు నాలుగు బారల దూరంలోనే, బురద మెత్తగా ఉన్న చోట గుంత చేసుకొని పడుకొని ఉంది పిల్లి. బూడిద రంగుది, చెవి ఒకటి చినిగినది. మొగవాళ్లు దాన్ని తోట అటు మూల, తెగులుకు తీగలు పసుపుబారిన చోట వెతుకుతున్నారు. పసుపుబారిన చోటే మైల ఉంటుందని వాళ్ల లెక్క. అది ఇక్కడ, ఆమె ముక్కు కింద, మూడు కూనలకు పొట్ట అప్పగించి, ముందు కాళ్లు బారచాపి, వేళ్లు విడదీసి, మళ్లీ ముడిచి, బురదను పిసుకుతోంది. ఒక అవిసె పువ్వు రాలి దాని మెడ మీద పడింది. దులుపుకోలేదు. కండ్లు సగం మూసి, గడ్డం గట్టుకు ఆనించి, లోకంలో దానికి కావలసింది ఇంకేమీ లేనట్టు పడుకుంది. ఏం సుఖమే నీది, అనుకుంది మునెమ్మ, అనుకోగానే కోపం ఇంకా ఎక్కింది. ఆ కోపం పిల్లి మీదా, గోతం మీదా, తన మీదా, తేల్చుకోలేకపోయింది.

ఇన్నేండ్లలో ఆ పిల్లిని చూసినంతగా ఆమె మనిషిని చూడలేదు. పొద్దున పాలు తాగి తన వెంటే వచ్చేది. తడిక దాకా ఇద్దరూ జతగా నడిచేవారు. తడిక దగ్గర తాను నిలబడేది, అది నిలబడేది కాదు. ఒంగి, ఒళ్లు సాగదీసి, కింది సందులోంచి లోపలికి జారిపోయేది, తోక కూడా పోయాక ఇక తాను ఒక్కతే. లోపల దాని చేష్టలన్నీ ఆమెకు తెలుసు. ముందుగా అవిసె మానుకు గోళ్లు రాసి బెరడు ఊడదీస్తుంది. కాలువ నీళ్లు నాలుకతో రెండు తూర్లు తాకి చూసి, ఇంట్లో గిన్నెలో నీళ్లు ముట్టనిది అక్కడ వంగి కడుపునిండా తాగుతుంది. గడ్డి పోచ పక్క పళ్లతో నములుతుంది. తూనీగ వాలితే నేలకు కరుచుకొని, వెనక కాళ్లు తొక్కి తొక్కి, దూకి, అందకపోతే అసలు తాను దాని కోసం దూకనే లేదన్నట్టు కాలు నాకుతుంది. నీళ్లు కొత్తగా పెట్టిన సాలులో పడి దొర్లుతుంది. అదే పవన్ చూసి మట్టిగడ్డ విసిరితే తీగ పైకి, తీగ నుంచి చెట్టుకు, పైనుంచి వాడినే చూస్తూ కూర్చుంటుంది. సాయంత్రం ఇంటికి వచ్చి ఒళ్లో పడుకున్నప్పుడు మునెమ్మ దాని మెడ మీద ముక్కు ఆనించేది. బురద వాసన, లేత ఆకు ఘాటు, అవిసె పువ్వు వాసన. తోట లోపల ఎట్లుంటుందో మునెమ్మ తెలుసుకున్నది ఆ వెంట్రుకల్లోనే. చెప్పుకుంటే సిగ్గు. భూమి తనది, పట్టాలో పేరు తనది కాకపోతే పోయింది, జమ్మలమడుగు అమ్మగారింటి గాజులు అమ్మితేనే తోటకు బోరు పడింది, అట్లాంటి తోటను పిల్లి వీపు మీద వాసన చూసి తెలుసుకోవాల్సి వచ్చింది.

దానికి పేరు పెట్టలేదు. "మే" అని పిలుస్తుంది. మొగుడు తనను అట్లనే పిలుస్తాడు. ఆదినారాయణ వాకిట్లోంచి "మే!" అని కేక వేస్తే ఇంట్లోంచి తానూ, గాదె మీద నుంచి పిల్లీ ఒకేసారి తల ఎత్తేవారు. నవ్వొచ్చేది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. అటు మూల నుంచి పవన్ గొంతు వినపడుతోంది, "బిస్స్, బిస్స్" అంటున్నాడు, చేపముక్క తెచ్చాడు ఎర వేయడానికి. ఆకుతోటలోకి చేపముక్క పోవచ్చు. నీచు పోవచ్చు. మొగవాడి చేతిలో ఉంటే ఏదైనా పోవచ్చు.

ఆ చేతులు. ఆకు కోసేటప్పుడు బొటనవేలికి ఇనుప గోరు తొడుక్కుంటాడు ఆదినారాయణ, గంపల నిండా కోసి తడిక దగ్గర పెడతాడు, అక్కడి నుంచి పని మునెమ్మది. నీళ్లు చల్లి, పండుటాకు ఏరి, చిరుగుటాకు ఏరి, కట్టలు కట్టి, అరటాకులో చుట్టి, ఖలందర్ బండి వచ్చే లోపల సిద్ధం చేయాలి, వాడు ప్రొద్దుటూరు అంగళ్లకు వేసుకుపోతాడు. నెలనెలా ముట్టుకు దూరం ఉండే దినాల్లో ఆకు తాకకూడదు, అత్త నియమం. కానీ పెండ్లి ముహూర్తాల నెలలో చేతులు చాలవు గదా, అప్పుడు అదే అత్త గొంతు తగ్గించి, "ఎవురు చూసినారు మే, కట్టు కట్టు, బండి వచ్చేస్తాది" అనేది. తాను కట్టేది. ఆ కట్టలు పెండ్లి పందిళ్లలోకి పోయాయి, గుళ్లకు పోయాయి, పేరంటాలకు పోయాయి. ఏ పెండ్లి చెడిపోయింది? ఏ దేవుడు గుడి విడిచి పోయాడు? అత్త పోయింది, మిద్దె ఇల్లు లేచింది, ఇంట్లో ఆ నియమం దానంతటదే పోయింది, ఎందుకంటే వండేది ఇంకెవరు? కడుపుకు నియమం లేదు. తోటకు మాత్రం ఉండిపోయింది. తోటలో వండాల్సిన పని లేదు గదా.

అత్త తోట లోపలికి పోయిన దినం మునెమ్మకు బాగా గుర్తు. ఆ ఇంటి ఆచారం ఒకటుంది, ఇక తనకు ముట్టు నిలిచిపోయిందని ఆడది నోరు తెరిచి పది మందిలో చెప్పాలి. చెప్తే తలకు పోసి, కొత్త చీర కట్టి, టెంకాయ చేతికిచ్చి, మొగవాళ్లు ముందు నడిచి తడిక తీస్తారు. అత్తకు అట్లనే తీశారు. ముసిలామె ముసిముసిగా నవ్వుతూ లోపలికి పోయింది, బయట నిలబడ్డ కోడళ్ల వైపు తిరిగి చూసింది, గెలిచినట్టు. ఏం గెలిచింది? ఒళ్లు ఎండిపోయాక తడి తోటలోకి రానిచ్చారు. పచ్చగా ఉన్నన్నాళ్లూ పచ్చని చోటికి పోకూడదు, ఎండిన కట్టె అయినాక పో. అప్పుడే మునెమ్మ లోపల ఏదో గట్టిపడిపోయింది. కూతురు హేమలత పులివెందులలో రెండో కానుపుకు ఉన్నప్పుడు మునెమ్మకూ నిలిచిపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పి, టెంకాయ పట్టుకొని, ఈ మొగవాళ్ల వెనక నడిచి, ఇది ఎండిందండో అని ఊరికి చాటించుకొని లోపలికి పోవాలా? పోను. రాయి మీదనే కూర్చుంటాను. ఆదినారాయణ అడగనూ లేదు. పక్కన పడుకున్న మనిషికి ఎన్నేండ్లుగా ఏమి జరగడం లేదో ఆ మహానుభావుడికి తెలియదు, కానీ ఏ సాలులో ఏ తీగకు ఎన్ని కణుపులు పెరిగాయో తెలుసు.

ఉగాది పోయినాక తీగలు పసుపుబారడం మొదలైంది. వేరు దగ్గర నల్లబడి, ఆకు వాడి, తీగ తీగే వేలాడిపోయింది. ఖలందర్ బండి మీద నుంచి దిగకుండానే చెప్పాడు, "ఈ ఏడు పెన్న పొడుగునా ఇదే తెగులు మామా, చెన్నూరు దాకా చూసి వస్తాండా, ఒక్క తోట బాగలేదు." ఆదినారాయణ విన్నాడు. తల ఊపాడు. మరుసటి దినం పవన్ బండి వెనక కూర్చొని గండి దారిలో అంజనం చూసేవాడి దగ్గరికి పోయాడు. వాడు తమలపాకు మీద కాటుక పూసి చూసి, ఆడది, మైలతో, తోట లోపల తిరిగింది అన్నాడట. ఆ రాత్రి ఆదినారాయణ కంచం ముందు కూర్చొని, అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా, "నువ్వేమన్నా లోపలికి పోయినావా మే?" అన్నాడు. ఆ మాట. గొంతులో కోపం కూడా లేదు, బోరు స్విచ్చి ఆపినావా అన్నట్టు అడిగాడు. ఇన్నేండ్లు ఆ రాయి మీద ఎండిన దాన్ని. ఆమె చారు పోసింది. చెప్పాల్సింది. ఎండిపోయి ఆరేండ్లయింది, నీ తోట ఇప్పుడు ఎండుతోంది అని ఆ చారు గిన్నె నెత్తిన బోర్లించి చెప్పాల్సింది. మొన్న పిల్లి బయటికి వచ్చి పాలు తాగుతుంటే పవన్ దాని తోక కింద నెత్తురు చూశాడు. "దొరికింది చిన్నాయనా, ఆడదంటే ఇదే!" అని అరిచాడు. ఆదినారాయణ మొహంలో ఊరట చూసింది మునెమ్మ. పెండ్లాం కాదు, పిల్లి. పోనీలే అన్న ఊరట. ఆ ఊరట చూశాక ఆమెకు ఆ ఇంట్లో అన్నం సయించడం లేదు.

ఆ పిల్లిని ఇచ్చింది అఖ్తర్ బీ, ఖలందర్ పెండ్లాం. కొంగులో చుట్టుకొని తెచ్చి ఒళ్లో పడేసింది. "తీసుకో మునెమ్మక్కా, మా ఇంట్లో ఇవి శానా అయినాయి, నమాజు చాప మీద కూడా ఇవే పండుకుంటాయి." మైల కాదా అంటే అఖ్తర్ బీ నోరు తెరిచి నవ్వింది. "ఏం మైలక్కా? పిల్లి మూతి పెట్టిన నీళ్లతోనే మేము నమాజుకు కాళ్లూ చేతులూ కడుక్కుంటాం, వజూ చేసుకుంటాం. అది ఇంట్లో తిరిగే ఆడబిడ్డ లాంటిది." ఆడబిడ్డ లాంటిదైతే ఈ ఇంట్లో దాని గతి ఏందో అఖ్తర్ బీకి ఏం తెలుసు. తెలుసేమో. నిన్న సంగతి చెప్తే నవ్వలేదు. "నాకిచ్చెయ్యక్కా, తీసుకుపోతా" అంది. ఎట్లా ఇస్తుంది, తడిక లోపల ఉంటే? రెండు వేళ్లకు మించి పట్టదు ఆ సందు.

అడుగుల చప్పుడు. బురదలో పాదాలు పచక్ పచక్ మంటున్నాయి. అటు మూల అయిపోయింది, సాలు సాలుకూ వెతుక్కుంటూ ఇటే వస్తున్నారు. "ఆ చెట్టు మొదుల్లో చూడ్రా." "చూసినా చిన్నాయనా, ల్యా." "మే! మునెమ్మా! అటు పక్క ఏమన్నా కనపడిందా?" పిలుపుకు ఇద్దరూ తల ఎత్తారు. సందుకు ఇవతల ఆమె, అవతల అది. పిల్లి చెవులు వెనక్కి పోయాయి. లేచింది, ఒక కూనను మెడ పట్టి నోట కరుచుకుంది, నేరుగా తడిక వైపు, నేరుగా ఆ సందు వైపు నడిచి వచ్చింది. వచ్చి నిలబడింది. నోట్లో కూన కాళ్లు ముడుచుకొని వేలాడుతోంది. ఆ సందులో పిల్లి తల పట్టదు, కూన కూడా పట్టదు. కింద సందు పొద్దునే పవన్ లోపలి నుంచి రాళ్లు పేర్చి మూసేశాడు. అది సందు వైపు చూసింది, రాళ్ల వైపు చూసింది, మునెమ్మ వైపు చూసింది. కూనను నేల మీద పెట్టి మళ్లీ ఎత్తుకుంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

మునెమ్మ లేచింది. లేచిందని ఆమెకే తెలియలేదు, క్యారియరు దొర్లి మూత ఊడి మజ్జిగ మట్టిలో పోయేదాకా. తడిక తలుపుకు తాడు ముడి ఉంది, ఇన్నేండ్లు ఆ ముడిని చూసింది, వేసిన చేతిని చూసింది, ముడి విప్పడం ఇంత సులువని తెలియదు. పక్కన టెంకాయ లేదు, కొత్త చీర లేదు, ముందు నడిచే మొగవాడు లేడు. కాలు పెట్టింది. అబ్బ, ఎంత చలువ. ఒక్కసారిగా అరికాళ్ల నుంచి పైకి, మోకాళ్ల దాకా, నడుము దాకా ఎక్కింది. ఇంత చలువ దాచుకున్నారా! తడికకవతల, ఆమెకు నాలుగు బారల దూరంలో, ఇంత చలువను ఇన్నేండ్లు ఆమెకు ఎండ చూపించి దాచుకున్నారా! ఏడుపు రాలేదు, పండ్లు కొరుక్కుంది. గుంత దగ్గర బురదలో చతికిలబడింది, మిగిలిన రెండు కూనలను తీసి ఒళ్లో వేసుకుంది, పిల్లి మూడోదాన్ని తెచ్చి వాటి పక్కన పెట్టి, తానూ ఎక్కి, చీర కుచ్చిళ్లలో రెండు చుట్లు తిరిగి పడుకుంది.

పవన్ ముందు చూశాడు. వాడి నోరు తెరుచుకునే ఉండిపోయింది. వెనక ఆదినారాయణ, చేతిలో గోతం.

"మే... ఏంది మే నువ్వు? లోపలికి వచ్చినావే?"

"వచ్చినా."

"లేయి. లేచి అవతలికి పో. రేయ్ పవనూ, ఆ పిల్లిని పట్టుకోరా."

పవన్ వంగాడు. వాడి చేయి ఒడి దాకా వచ్చింది. ఆ చేతిని చూస్తుంటే మునెమ్మకు ఎన్నేండ్లుగానో నోట్లో పెట్టుకు నములుతున్న మాట ఒకటి నాలుక చివరికి వచ్చింది. ఎండిపోయి ఆరేండ్లయింది అన్న మాట. అది చెప్తే వాళ్లకు ఊరట, టెంకాయ తెస్తారు, పిల్లిని తీసుకుపోతారు. మింగేసింది. దానికి ఎదురు మాట నోట్లోంచి వచ్చింది.

"ముట్టుకోవాకు రా. నేను దూరం ఉండా."

పవన్ చేయి కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. వెనకడుగు వేయబోయి కాలువలో పడ్డాడు, కాలు మోకాటి దాకా దిగిపోయింది.

ఆదినారాయణ మొహం నల్లబడింది. "ఇప్పుడా?"

"ఇప్పుడే. మొన్న కూడా. ఉగాదికి కూడా. దూరం ఉండి తిరిగినా తోటంతా. అంజనం వాడు చెప్పిన ఆడది నేనే, పిల్లి కాదు."

"నీకేమన్నా పిచ్చా మే! పొద్దున కూడు వండినావు గదే!"

"వండినా. తిన్నావు గదా, ఎండిపోయినావా?"

ఆయన గోతం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. పక్కన తీగ తగిలితే చేయి చటుక్కున తీసుకున్నాడు, ఆమె మైల గాలికి తనకంటి, తన నుంచి తీగకు అంటుతుందేమో అని. అది చూసి మునెమ్మకు నవ్వు పొంగుకొచ్చింది, ఆ నవ్వులో ఇంత విషం ఉందని ఆమెకే కొత్త. రేపు ఊరంతా చెప్పుకుంటారు. ఆదినారాయణ తోట పెండ్లామే ఎండగట్టింది అంటారు, జమ్మలమడుగు దాకా పోతుంది మాట, హేమలతకు అత్తగారింట్లో తల వంపులవుతుంది. ఈ ఏడు పోయిన ప్రతి తీగా, వచ్చే ఏడు పోయే ప్రతి తీగా ఇక తన లెక్కలోనే. కానీ, చెప్పుకోనీ. ఇన్నేండ్లు చేయని తప్పుకు బయట కూర్చున్నాను, ఇప్పుడు చేయని తప్పుకు లోపల కూర్చుంటాను.

"చిన్నమ్మా, కనీసం అవి ఇట్లా ఇసిరేయి..." పవన్ కాలువలో నిలబడే అన్నాడు, గొంతులో వెనకటి నవ్వు లేదు.

"నువ్వు వచ్చి తీసుకో నాయనా. ఇదో, ఒళ్లోనే ఉండాయి."

వాడు రాలేదు.

"ఎంతసేపు కూచుంటావు మే ఈడ?" అన్నాడు ఆదినారాయణ. అడగడం చేతకాని మనిషి అడిగినట్టు అడిగాడు.

"ఇవి కండ్లు తెరిచేదాకా."

అవిసె ఆకుల నడుమ నుంచి ఎండ చిల్లర చిల్లరగా ఆమె చేతుల మీద పడుతోంది. చీర తడిసి బరువెక్కింది. ఒళ్లో పిల్లి ముందు కాళ్లు చాపి ఆమె తొడను పిసుకుతోంది, బురదను పిసికినట్టే, వేళ్లు విడదీసి, ముడిచి, గోళ్లు చీరలోంచి చర్మానికి దిగుతున్నాయి. దిగనీ అనుకుంది. మొగవాళ్లిద్దరూ తీగలు తగలకుండా భుజాలు ముడుచుకొని ఒకరి వెనక ఒకరు తడిక దాటి పోయారు. ఆదినారాయణ అవతల ఏం చేయాలో తెలియక అటూ ఇటూ చూసి, ఆమె రాయి దగ్గరికి పోయి కూర్చోబోయాడు. సందులోంచి ఆయన పంచె అంచు కనపడింది. ఇటు నుంచి చూస్తే ఆ సందు ఎంత చిన్నది.

"ఏమయ్యా," అంది మునెమ్మ లోపలి నుంచి. "ఆ రాయి కాలుతాది. తువ్వాలు పరుచుకో."